కనిపించని వాకిళ్ళు

రాత్రి పడుకొనబోయే ముందు వీధి తలుపు గడియ, పెరటి తలుపు గొళ్ళెం, వంటింట్లో గ్యాసు సిలిండరు మీట, ఈ మూడింటినీ ఒకసారి చూసుకొనడం గృహస్థులందరికీ అలవాటే. అయితే ఈ రోజుల్లో ప్రతి ఇంటికీ మరొక వాకిలి ఉన్నది. అది గోడకు తగిలించిన ఒక చిన్న పెట్టెలో ఉన్నది. ఆ పెట్టె మీద నాలుగైదు పచ్చని దీపాలు రేయింబవళ్ళు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. దానిని అమర్చడానికి వచ్చినవాడు అరగంటలో పని ముగించుకొని వెళ్ళిపోతాడు. పిల్లలకు వైఫై పాస్‌వర్డు తెలుసు. పెద్దలకు నెల బిల్లు ఎంతో తెలుసు. ఆ పెట్టెలో ఏ తలుపు తెరిచి ఉన్నదో, ఎవరి కోసం తెరిచి ఉన్నదో మాత్రం సాధారణంగా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మన సంస్థలో పనిచేసేవారిలో చాలామందికి కన్నవారు స్వగ్రామాల్లో ఒంటరిగా ఉంటున్నారు. వారి క్షేమం కనిపెట్టి ఉండడానికి ఇంట్లో కెమెరాలు పెట్టించడం ఇటీవల పరిపాటి అయింది. మా ఇంట్లోనూ పెట్టించాము. ఆ కారణంగా రౌటరు అనే ఆ పెట్టె లోపలి సంగతులు కొంత నేర్చుకొనవలసి వచ్చింది. మేము కంప్యూటరు శాఖవారము కాము. ఇరవై ఎనిమిదేళ్ళుగా బాయిలర్ నిర్వహణ విభాగంలో ఉన్నవారము. కావున ఇందులో పాండిత్యం వెదకవద్దని, తప్పక తెలియవలసిన నాలుగు సంగతులు మాత్రం సాటి ఉద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకొంటున్నామని ముందే మనవి చేస్తున్నాము.

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యం 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించింది. ఆనాటి మోడెములు టెలిఫోను తీగ మీద కీచుమని కూతలు పెడుతూ అవతలివాడిని పిలిచేవి. పని కాగానే మనము ఫోను పెట్టేసేవాళ్ళము, దానితో బయటి ప్రపంచానికీ మనకూ సంబంధం తెగిపోయేది. ఇప్పుడు ఫైబరు తీగ ఇరవై నాలుగు గంటలూ ప్రాణంతోనే ఉంటుంది. మనము నిద్రపోతున్నా, ఊరికి వెళ్ళినా ఆ వాకిలి అక్కడే ఉంటుంది.

పోర్టు అనగానే మన తెలుగువారికి విశాఖపట్నమో కాకినాడో మనసులో మెదులుతుంది. ఓడలు లేవన్నమాటే గాని ఇదీ ఒక విధమైన రేవే. (పెట్టె వెనుక కేబులు దూర్చే రంధ్రాలను కూడా పోర్టులనే అంటారు. మేము చెప్పేవి అవి కావు.) ఇంటర్నెట్ మీద ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామాలో 0 మొదలుకొని 65,535 వరకు అంకెలు వేసిన ద్వారాలు ఉంటాయి. వెబ్ పుటలకు 80, వాటినే గుప్తంగా పంపించడానికి 443, పేరు చెప్పి చిరునామా విచారించడానికి 53, ఉత్తరాల బట్వాడాకు 25, కెమెరా దృశ్యాలకు 554, ఈ విధంగా ఒక్కొక్క పనికి ఒక్కొక్క అంకె.

ఈ అంకెల పట్టికను జాన్ పోస్టెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1998లో కన్నుమూసేవరకు దశాబ్దాల పాటు ఓపికగా నిర్వహించాడు. 1995లో ఫిన్లాండ్ దేశంలో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన టాటు యులోనెన్ ఒక భద్రమైన ప్రవేశపద్ధతిని రూపొందించాడు. అంతకు ముందు 21, 23 సంఖ్యల ద్వారాల గుండా సాగే పనులను తన పద్ధతి భద్రంగా చేయగలదు గనుక ఆ రెంటి నడుమ ఖాళీగా ఉన్న 22ను తనకు ఇప్పించవలసిందని ఒక ఉత్తరం వ్రాశాడు. మరునాడే మంజూరయింది! ఒక క్వార్టరు కేటాయింపునకు మనము పడే తిప్పలు తలచుకొంటే ఈ ఉదంతం మాకు ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది.

ఇక రౌటరు చేసే పని మన కర్మాగారం ప్రధానద్వారం దగ్గర భద్రతా సిబ్బంది చేసే పని వంటిదే. రిటర్నబుల్ గేట్‌పాస్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. మరమ్మతుకు మోటారు బయటికి వెళ్ళేటప్పుడు రిజిస్టరులో వ్రాస్తారు. అదే మోటారు తిరిగి వచ్చినప్పుడు ఆ పద్దు చూసి లోపలికి రానిస్తారు. పద్దు లేని వస్తువు వస్తే గేటు దగ్గరే ఆగిపోతుంది. మన ఇంట్లో ఫోను ఏదో ఒక వెబ్ పుట అడిగినప్పుడు రౌటరు కూడా, ఫలానా యంత్రం ఫలానా చిరునామాను ఫలానా పోర్టు నుండి అడిగిందని తన రిజిస్టరులో వ్రాసుకొంటుంది. జవాబు వచ్చినప్పుడు పద్దు సరిపోతే లోపలికి పంపుతుంది, లేకపోతే పారవేస్తుంది.

ఇంట్లోని యంత్రాలన్నిటికీ బయట కనిపించే చిరునామా ఒక్కటే కావడం వల్ల కూడా ఈ పద్దులు అవసరమైనాయి. పాత పద్ధతిలో చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలవని ముందుగానే గ్రహించి, ఒకే చిరునామా వెనుక అనేక యంత్రాలు ఉండే ఏర్పాటును 1994లో ప్రతిపాదించారు. 192.168 అని మొదలయ్యే ఇంటి చిరునామాలు అటువంటి ఏర్పాటులోనివే.

పద్దు లేకుండా వచ్చినవారిని కూడా లోపలికి పంపవలసిన సందర్భాలు ఉంటాయి. పోర్టు ఫార్వర్డింగ్ అనేది అందుకే ఉన్నది. ‘554 అని అడిగినవారెవరైనా సరే, పేరు అడగకుండా కెమెరా పెట్టె దగ్గరకు పంపండి’ అని గేటు దగ్గర శాశ్వతంగా అతికించిన ఉత్తర్వు వంటిదది. ‘డీఎంజెడ్’ అనే మరొక మీట ఉన్నది. అది నొక్కితే ఆ ఒక్క యంత్రం వరకు గేటే ఎత్తివేసినట్లు. యూపీఎన్‌పీ అనే మూడవది వీటికన్నా ఆశ్చర్యకరమైనది. ఇంట్లోని టీవీయో, కెమెరాయో యజమానిని అడగకుండా తనకు కావలసిన తలుపును తానే తెరిపించుకొంటుంది. సంతకం చేసిన ఖాళీ గేట్‌పాస్ పుస్తకాన్ని ఎవరికి పడితే వారికి అందేటట్లు బల్ల మీద పెట్టి వెళ్ళే అధికారి ఎక్కడైనా ఉంటాడా? చాలా రౌటర్లు మాత్రం కొన్ననాడే ఆ విధంగా సిద్ధమై వస్తాయి.

మా అమ్మగారు పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకుకు సమీపంలోని మా స్వగ్రామంలో ఉంటున్నారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. సింగ్రౌలిలో మా క్వార్టరుకు వచ్చి ఉండమంటే చలి పడదంటారు. న్యూజెర్సీలో మా తమ్ముడి దగ్గరకు రమ్మంటే అక్కడ పలకరించేవారు లేరంటారు. రెండేళ్ళ క్రితం ఆమె పెరట్లో కాలు జారి పడి, పాలు పోసే మనిషి వచ్చేవరకు గంటసేపు లేవలేక ఉండిపోయారు. ఆ వార్త విన్న వారం లోపలే మా తమ్ముడు అక్కడి నుండే మాట్లాడి నాలుగు కెమెరాలు పెట్టించాడు. వీధి గేటుకు ఒకటి, వసారాలో ఒకటి, హాలులో ఒకటి, పెరట్లో ఒకటి. మేమూ సంతోషించాము. షిఫ్టు నుండి వచ్చి కాఫీ త్రాగుతూ ఫోనులో అమ్మను చూసుకొనే భాగ్యం తక్కువదేమీ కాదు.

కొన్నాళ్ళకు హాలులోని కెమెరా మధ్యాహ్నం పూట చీకటిగా కనిపించసాగింది. కెమెరా చెడిపోయిందని తమ్ముడు రెండుసార్లు మనిషిని పంపించాడు. అతడు వచ్చేసరికి అంతా సవ్యంగానే ఉండేది. సంక్రాంతి సెలవులకు రెండు రైళ్ళు మారి మేము ఊరికి వెళ్ళినప్పుడు గాని అసలు విషయం తెలియలేదు. భోజనమైన తరువాత నడుము వాల్చే వేళకు అమ్మగారు స్టూలు వేసుకొని ఎక్కి కెమెరా మీద తువ్వాలు కప్పుతున్నారు! పడిపోతే తెలియాలని పెట్టించిన వస్తువు కోసం ఆమె ప్రతిదినం స్టూలు ఎక్కి దిగుతున్నారని గ్రహించినప్పుడు మాకు గుండె ఝల్లుమన్నది.

“ఎందుకమ్మా ఇలాగ?” అని అడిగాము.

“ఒరే నాన్నా, నువ్వూ తమ్ముడూ చూస్తున్నారు, సరే. మీరిద్దరే చూస్తున్నారని ఏమిటి నమ్మకం?” అన్నారు.

మా పెద్దవాడు బి.టెక్. చదువుతున్నాడు. ఆ సాయంత్రమే వాడిని ప్రక్కన కూర్చోబెట్టుకొని లాప్‌టాప్‌లో 192.168.1.1 అని కొట్టి రౌటరు లోపలికి వెళ్ళాము. యూజరు పేరు అడ్మిన్, పాస్‌వర్డు కూడా అడ్మిన్. ఫార్వర్డింగ్ పట్టికలో మూడు వరుసలు ఉన్నాయి. 80, 554, 8000. మూడూ కెమెరాల రికార్డరుకే. బయటి నుండి ఎవరైనా రౌటరు అమరికలను మార్చుకొనే సౌకర్యం సైతం తెరిచే ఉన్నది. ఇంటి చిరునామా మారకుండా ఉండేందుకు తమ్ముడు నెలనెలా అదనంగా రుసుము కట్టుతున్నాడు. అంటే వీధి పేరు, ఇంటి సంఖ్య స్థిరంగా వ్రాయించి మరీ తలుపు తెరిచి ఉంచినట్లయింది.

రికార్డరు తనలోకి ఎవరెవరు ఎప్పుడు ప్రవేశించారో వ్రాసుకొంటుంది. ఆ పుట తెరిచాము. మా ఫోను కనిపించింది, తమ్ముడి ఫోను కనిపించింది. తక్కినవి తెలియని చిరునామాల నుండి జరిగిన ప్రయత్నాలు. వందల కొద్దీ ఉన్నాయి. ఎక్కువ భాగం తప్పు పాస్‌వర్డుతో విఫలమైనవే. నాలుగు మాత్రం విఫలం కాలేదు. ఆ నాలుగూ అర్ధరాత్రి దాటిన తరువాతివి. తమ్ముడికి అది మధ్యాహ్నం వేళ గనుక అతడేమోనన్న ఆశతో ఫోను చేశాము. ఆ రోజుల్లో తాను చూడనే లేదని, తన చిరునామా అది కాదని చెప్పాడు.

దాచడం భావ్యం కాదని అమ్మగారికి ఉన్నదున్నట్లు చెప్పాము. ఆమె ఏమీ అనలేదు. దండెం మీది తువ్వాలు తెచ్చి మా చేతికి ఇచ్చారు.

అమర్చినతడిని పిలిపించి అడిగితే, “ఆయ్, అందరికీ ఇలాగే పెడతామండీ. చూడడానికి వస్తోందా లేదా అనే గానీ, ఇంతవరకూ ఇలా ఎవరూ అడగలేదండీ” అన్నాడు. అతడు అబద్ధం చెప్పలేదు. దృశ్యం కనబడితే చాలునన్నవారే అతడికి డబ్బు చెల్లించారు. ఊరిలో అతడు అమర్చిన ఇళ్ళన్నిటికీ ఒకే పాస్‌వర్డు.

ఇటువంటి పాస్‌వర్డులు లోకం మీదికి తెచ్చిన ఉపద్రవం ఒకటి ఉన్నది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా తెరిచి ఉన్న కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను వెదకి, కంపెనీవారు పెట్టి పంపే మామూలు పాస్‌వర్డులు అరవైకి పైగా వరుసగా ప్రయత్నించి లక్షలాది యంత్రాలను వశపరచుకొన్నది. ఆ యంత్రాలు అక్టోబరు 21న అమెరికాలోని డిన్ అనే సంస్థపై ఒక్కుమ్మడిగా పడేసరికి ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. ఆ ప్రోగ్రాము కర్తలు ముగ్గురు యువకులు. 2017లో నేరం ఒప్పుకొన్నారు. కంప్యూటరు ఆటల సర్వర్ల వ్యాపారంలో పోటీదారులను దెబ్బ తీయాలన్నది వారి మొదటి ఉద్దేశం! ఎవరో ఒక ముసలమ్మ హాలులోని కెమెరా ఆ దాడిలో పాల్గొన్నా ఆమెకు తెలిసి ఉండదు. దృశ్యాలు ఎప్పటివలెనే వస్తూ ఉంటాయి.

మరునాడు ఉదయం పని ప్రారంభించాము. పంపు విప్పే ముందు ఉన్నదున్నట్లు ఫోటో తీసుకొనడం మా విభాగంలో నియమం. రౌటరు పుటలన్నిటికీ అదే చేశాము. రికార్డరుకు ఇంటర్నెట్ తీగ తీసివేసి, రెంటికీ కొత్త పాస్‌వర్డులు పెట్టాము. బయటి నుండి నిర్వహించే సౌకర్యాన్ని, యూపీఎన్‌పీని ఆపివేశాము. ఫార్వర్డింగ్ వరుసలు మూడూ తొలగించాము. తయారీదారు విడుదల చేసిన కొత్త సాఫ్ట్‌వేరును రెండు పెట్టెలలోను వేశాము. ఇదంతా గంటన్నర పని.

దీనితో బయటివారు లోపలికి రావడం ఆగింది. లోపలివి బయటికి పోవడం సంగతి వేరు. చాలా ఇళ్ళలో దీనిని ఎవరూ పట్టించుకోరు. రికార్డరు తనంతట తాను ఎక్కడెక్కడికో కబుర్లు పంపకుండా ఫిల్టరు నిబంధన వ్రాయాలి. నిబంధన వ్రాసేది రికార్డరు యొక్క ఇంటి చిరునామా మీద గనుక ముందుగా ఆ చిరునామా మారకుండా రౌటరులో దానికే కేటాయించాము. లేకపోతే కరెంటు పోయి వచ్చిన తరువాత ఆ అంకె ఏ ఫోనుకో సంక్రమించి, నిబంధన దానికి వర్తిస్తుంది. తరువాత రెండు నిబంధనలు వ్రాశాము. కాలం సరిచూసుకొనడానికి ఉపయోగపడే 123వ పోర్టు గుండా పోవచ్చునని మొదటిది. తక్కినవన్నీ నిషిద్ధమని రెండవది. ఈ వరుస ముఖ్యం. చాలా రౌటర్లు పై నుండి క్రిందికి చదువుతూ మొదట సరిపోయిన నిబంధనతో ఆగిపోతాయి. నిషేధం పైన ఉంటే అనుమతి క్రింద ఎంత అందంగా వ్రాసినా దండుగే. గడియారానికి ఆ మినహాయింపు మా పెద్దవాడి సలహా. ఏ దొంగతనమో జరిగినప్పుడు రికార్డరులో సమయం ఇరవై నిమిషాలు తేడాగా ఉంటే పోలీసులకు చూపించి ప్రయోజనం ఉండదన్నాడు. నిజమే!

పరీక్ష బయటి నుండి చేయాలి. ఇంటి వైఫై మీద ఉండి చూస్తే మనము గేటు లోపలివారమే గనుక గేటు మూసి ఉన్నదో లేదో తెలియదు. ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఇంటి బయటి చిరునామాను, ప్రక్కన పోర్టు సంఖ్యను కొట్టి చూశాము. మూడు చోట్లా జవాబు లేదు. ఐపీవీ6 అనే కొత్త చిరునామాలు ఉన్న కనెక్షన్లలో ఇంట్లోని ప్రతి యంత్రానికీ బయట చెల్లే చిరునామా ఉంటుంది. ఒకే చిరునామా వెనుక దాగి ఉండడమనే చాటు అక్కడ ఉండదు. కావున రౌటరులో ఐపీవీ6 ఫైర్‌వాల్ పనిచేస్తున్నదో లేదో వేరుగా చూసుకొనవలసిందే. అమ్మగారి రౌటరులో అది పనిచేస్తూనే ఉన్నది.

తలుపులన్నీ మూసివేసిన సంగతి విని తమ్ముడికి కోపం వచ్చింది. “అన్నయ్యా, భయపడి మూసేసుకొంటే రేపు అమ్మ మళ్ళీ పడితే ఎలా తెలుస్తుంది?” అన్నాడు. అతడి బాధ న్యాయమైనదే. ఏడు సముద్రాల అవతల ఉన్నవాడు మరేమి చేయగలడు? మార్గాలు రెండు కనిపించాయి. తయారీదారు సర్వరు ద్వారా చూడడం ఒకటి. ఇందులో రికార్డరే బయటికి వెళ్ళి ఆ సర్వరును పలకరిస్తుంది గనుక తలుపు తెరవనక్కరలేదు. కాని మన హాలు దృశ్యాలు మనకు పరిచయం లేని కంపెనీ చేతుల మీదుగా పోతాయి. మాకు అది రుచించలేదు. రెండవది వీపీఎన్ అనే రహస్య మార్గం. మా పెద్దవాడు ఆ వసతి ఉన్న మరొక రౌటరు కొని తెచ్చి, వైర్‌గార్డ్ అనే పద్ధతిని అందులో అమర్చాడు. తెరిచిన ద్వారం ఒక్కటే, 51820. సరైన తాళంచెవి లేనివాడు ఎంత తట్టినా అది బదులు పలకదు. అసలు అక్కడ ద్వారం ఉన్నదో లేదో కూడా అతడికి తెలియదు. తాళంచెవులు రెండే చేశాము. ఒకటి తమ్ముడి ఫోనులో, ఒకటి మా ఫోనులో.

అంతటితో తీరలేదు. హాలులో కెమెరా ఉండాలా వద్దా అన్న ప్రశ్న మిగిలింది. ఉండాలని తమ్ముడు, రాత్రి మాత్రమే ఉండాలని మా శ్రీమతి, రెండు రోజులు ఫోనులో వాదోపవాదాలు జరిగాయి. ఎవరూ అమ్మగారిని అడగలేదని చివరకు మా పెద్దవాడు గుర్తు చేశాడు. అడిగితే ఆమె తడుముకోకుండా, “గుమ్మం బయట ఎన్నయినా పెట్టుకోండి. గుమ్మం లోపల వద్దు” అన్నారు. హాలు కెమెరా విప్పి వసారాలో రెండవ మూలకు బిగించాము. పడిపోతే పిలిచేందుకు మెడలో వేసుకొనే చిన్న గంట మీట ఒకటి కొని ఇచ్చాము. అది మ్రోగితే ప్రక్కింటివారికి వినబడుతుంది.

సింగ్రౌలికి తిరిగి వచ్చిన తరువాత మా క్వార్టరు రౌటరు కూడా చూశాము. పదవ తరగతి చదివే మా రెండవవాడు ఏదో ఆట సరిగా ఆడడం లేదని, డీఎంజెడ్ నొక్కమని నెల రోజులుగా అన్నను వేధిస్తున్నాడు. ఆ ఆటకు కావలసిన ఒక్క పోర్టును వాడి కంప్యూటరుకు మాత్రమే తెరిచి, దానితోపాటు రాత్రి పది నుండి ఉదయం ఐదు వరకు వాడి ఫోనుకు ఇంటర్నెట్ లేకుండా ఫిల్టరు పెట్టాము. నాలుగవ రాత్రి దుప్పటి క్రింద వెలుతురు కనిపించింది. ఈ కాలపు ఫోనులు వైఫైకి తమ అసలు గుర్తింపు సంఖ్య కాక మారుపేరు వంటి సంఖ్య చెబుతాయట. ఫోనులో ఒక మీట నొక్కి వాడు మరొక సంఖ్యతో లోపలికి వచ్చాడు. ఇప్పుడు మా పట్టికలో పేరున్న యంత్రాలకు తప్ప రాత్రివేళ ఇంటర్నెట్ ఎవరికీ లేదు. వాడు దీనికి కూడా ఉపాయం వెదకుతున్నాడని మాకు తెలుసు. ఈ విధంగానైనా నెట్‌వర్కు విద్య కొంత వంటబడుతుందని ఊరుకొన్నాము.

ఊరిలో అమ్మగారి పాస్‌వర్డుల కాగితం బియ్యం డబ్బా అడుగున ఉన్నది. అది ఆమె ఎన్నుకొన్న చోటు. రికార్డరులో ప్రవేశాల పుటను మా పెద్దవాడు ప్రతి ఆదివారం చూస్తున్నాడు. రెండు పేర్లే ఉంటున్నాయి. సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి అమ్మగారు తల దువ్వుకొని వసారాలోకి వచ్చి, రెండవ మూల కెమెరాకు ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చుంటున్నారు. న్యూజెర్సీలో అది ఉదయం కాఫీ వేళ. ప్రక్కింటివారు వస్తే మాట్లాడతారు, లేకపోతే వత్తులు చేసుకొంటూ ఉంటారు. చీకటి పడగానే కుర్చీ గోడకు చేర్చి లోపలికి వెళ్ళి తలుపు వేసుకొంటారు.